ఆ గొంతు నాదే

నేను ఇంట్లో కంప్యూటర్ మీద బీట్లు, అంటే పాట వెనక వినిపించే సంగీతం, తయారుచేసి, పాటలు చేసేవాళ్లకు అమ్ముతుంటాను. ఒప్పందం మీద సంతకం పడేదాకా నమూనా మాత్రమే పంపిస్తాను. ఎవరూ ఎత్తుకుపోకుండా అందులో మధ్యమధ్య నా గొంతుతో "అనుమతి లేకుండా వాడకూడదు" అని కలుపుతాను.

ఒకసారి అవనిగడ్డ బస్సులో, చల్లపల్లి దగ్గర ఎక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. ఫోన్లో ట్రాక్ పెట్టుకుని చర్చి పాట సాధన చేస్తోంది. వినగానే నాకు ఒళ్లు మండింది. ఆ బీటు నాది. నచ్చలేదని ఒకతను వద్దన్న నమూనా, నా హెచ్చరికతో సహా!

"ఈ ట్రాక్ ఎవరిచ్చారండీ?"

"మా చర్చి గ్రూపులో పెట్టారు బాబూ."

"ఎవరు పెట్టారు? పేరు చెప్పండి."

ఆవిడ ఫోను కొంగు కింద దాచుకుంది. "నీకెందుకయ్యా?"

"అది నేను చేసిందండీ. ఆ మాట చెప్పే గొంతు కూడా నాదే. నేనెవరికీ రాసివ్వలేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ మాట దగ్గర మా సండేస్కూలు పిల్లలంతా గొంతు కలుపుతారు. నీదే అయితే ఏదీ, ఒక్కసారి అను."

బస్సులో అందరూ మావైపే చూస్తున్నారు.

"అనుమతి లేకుండా వాడకూడదు!" అన్నాను గట్టిగా.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నువ్వు కాదు బాబూ. ఆయన ఇంత కోపంగా అనడు," అని లేచి ముందు సీట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పటికీ కొత్త బీటుకు ఆ మాట రికార్డు చేశాక ఒకసారి వింటాను. చాలాసార్లు చెరిపేసి మళ్లీ చెబుతాను.