పొట్టేలు ధరకు పెండ్లి ఫోటోలు

కొత్త మట్టి రంజన్‌ను, అదే నీళ్ల కుండను, నీళ్లలో నానబెట్టినప్పుడు లేచే వాసనకు ఎవరికైనా ఎండాకాలం గుర్తొస్తుంది. నాకు మాత్రం పెండ్లి ఫోటోలు గుర్తొస్తాయి, వాటి వెంటే కడుపుమంటా గుర్తొస్తుంది. మొన్న మా కోడలు ముత్తంగి దారిలో రోడ్డు పక్కన కొన్న రంజన్‌ను పెరట్లో తొట్టిలో ముంచి పెట్టింది. అది బుడబుడమంటూ నీళ్లు తాగుతుంటే, ఫోటో స్టూడియో నడిపే మా మనవడు లోపల ఫోన్‌లో ఎవరికో వచ్చే ఏడాది పెండ్లికి రేటు చెబుతున్నాడు. "గప్పటికి అన్నీ పెరుగుతయ్ అంకుల్, ఇప్పుడే బుక్ చేసుకుంటే ఇదే రేటు" అంటున్నాడు. ఏడాది ముందే ధర కట్టడం తానే కనిపెట్టినట్టు మాట్లాడుతున్నాడు. ఆ మట్టి వాసనలో కూర్చున్న నాకు, మా నాయన కట్టిన ధర ఒకటి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నా చిన్నతనంలో పటాన్‌చెరులో బొంబాయి రోడ్డుకు అటొకటి ఇటొకటి రెండు ఫోటో దుకాణాలుండేవి. ఇటుది మా నాయనది. సంగారెడ్డి నుంచి లింగంపల్లి దాకా ఏ పెండ్లి జరిగినా మా నాయన కెమెరా మెడలో వేసుకుని వస్తే తప్ప తాళి కట్టేవాళ్లు కాదు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను, కొందరు నమ్మారు కూడా. నిజానికి సగం పెండ్లిళ్లు ఎదుటి దుకాణానికే పోయేవి. సగం కూడా కాదులెండి, మంచివన్నీ అటే పోయేవి.

ఎదుటి దుకాణం ఖాదర్ చాచాది. ఆయన కొడుకు అన్వర్ నా ఈడువాడే, నా బడివాడే. వాళ్లకు గోడంత పరదా మీద మెట్లు, మెట్ల కింద చెరువు, చెరువులో హంసలు వేసి ఉండేవి. మాకు మా అమ్మ నీలం చీర పరదా. వాళ్లకు స్కూటరుంటే మాకు చైను జారే సైకిలు. పెండ్లి నుంచి ఖాదర్ చాచా తిరిగొస్తుంటే అన్వర్ ముందు నిలబడి హారన్ కొట్టేవాడు. కాలిపోయిన ఫ్లాష్ బల్బులు వాడి జేబు నిండా ఉండేవి. ఒక్కో బల్బు ఒక్క ఫోటోకే వెలిగి మాడిపోయేది, నీలంగా బొబ్బలెక్కిన గాజు నుంచి చుర్రుమనే వాసన వచ్చేది. ఒక బల్బుకు ఐదు గోళీలు అని బడి వెనక వాడు బేరం పెడితే, మా నాయన బల్బులన్నీ ఉంచుకుని కూడా నేను వాడి దగ్గరే కొనేవాణ్ని. ఎందుకంటే వాడివి ఎక్కువ నీలంగా కనిపించేవి.

అన్నిటికన్నా నన్ను కాల్చుకు తిన్నవి వాళ్ల కుండలు. దుకాణం వెనక చీకటి గదిలో తడి ఇసుక పోసి, అందులో మెడ దాకా పాతిన చిన్న చిన్న కుండలు వరసగా ఉండేవి. ఎవరైనా ఏడాది ముందు వచ్చి పెండ్లి కుదిరింది, ఫోటోలు నువ్వే తియ్యాలె అంటే, ఖాదర్ చాచా గట్టి ధర ఒకటి చెప్పి, బయానా కింద కొంత ముందే తీసుకుని, అదే వారం పట్నం పోయి ఆ పెండ్లికి సరిపడా ఫిల్ము రీళ్లు కొనుక్కొచ్చేవాడు. ఎండకు చెడకుండా వాటిని మైనం కాగితంలో చుట్టి ఒక కుండలో పెట్టి, మూత మీద సుద్దతో పెండ్లివారి ఊరు రాసేవాడు. ఆ తర్వాత రీళ్ల ధర ఆకాశానికి పోయినా ఆయన చెప్పిన మాట మారేది కాదు. ఎండాకాలం ఆ గదిలోకి పోతే తడి మట్టి చల్లదనం మొహానికి తగిలేది. అన్వర్ ఒక్కో కుండనూ తన సొంత చెల్లెలి పెండ్లి అయినట్టు చూపించేవాడు.

మా నాయన పద్ధతి వేరు. మాది గొర్లు కాసిన ఇల్లు. మా తాత నలభై గొర్లు అమ్మి ఆ కెమెరా కొనిచ్చాడు. నలభై కాదులెండి, ఆరేడు ఉంటాయి, అందులో ఒకటి కుంటిది. అందుకని మా నాయనకు రూపాయి మీద కన్నా గొర్రె మీదే నమ్మకం. రూపాయి ఎప్పుడు ఏమవుతుందో తెలియదు, పొట్టేలు ధర మాత్రం ఎప్పుడూ పైకే పోతుంది, రీలు ధర దాని వెనకాలే నడుస్తుంది అనేవాడు. ఏడాది ముందు వచ్చిన పెండ్లికి ఆయన చెప్పే ధర ఒక్కటే: పెండ్లి నాటికి మన వారం అంగడిలో మంచి పొట్టేలు ఎంత పలికితే అంత. బయానా తీసుకునేవాడు కాదు. ఇందులో మోసం లేదని జనం నవ్వుకుంటూ ఒప్పుకునేవారు.

ఒక మాఘమాసం, చలి తగ్గి మోదుగులు ఎర్రబడుతున్న రోజుల్లో, వెలిమెల పటేల్ తన బిడ్డ పెండ్లి మాట కోసం వచ్చాడు. ముందు ఎదుటి దుకాణంలోకే పోయాడు. నేను మా అరుగు మీద సకినం కొరుకుతూ చూస్తున్నాను. కాసేపటికి ఆయన తల అడ్డంగా ఊపుతూ బయటికొచ్చి రోడ్డు దాటాడు. నా నోట్లో సకినం అట్లాగే ఆగిపోయింది.

"ఖాదర్‌మియా బాగ ఎక్కువ చెప్తున్నడు రా. వచ్చే మాఘంల పెండ్లి. నువ్వెంత తీస్కుంటవ్?" అన్నాడు పటేల్.

"గప్పుడు పొట్టేలు ఎంతుంటదో గంత, పటేలా."

"ఫోటో దిగుడా, గొర్రెను కొనుడా?"

"మాటంటే మాటే" అన్నాడు మా నాయన. పటేల్ నవ్వి సరేనన్నాడు.

ఆ రోజు నేను రోడ్డు మీద మూడు పిల్లిమొగ్గలు వేశాను. లారీలున్నాయి కాబట్టి నిజానికి మా పెరట్లో వేశాను, అదీ ఒకటే. అప్పటికే పటేల్‌గూడ దిక్కు పెద్ద కంపెనీలో పనికి రమ్మని మా నాయనకు కబురొచ్చి ఉంది. నెల జీతం అని మా అమ్మ రోజూ పోరుతోంది. "వెలిమెల పెండ్లి మంచిగ తీస్తే పది ఊర్లు సూస్తయ్, దుకానం నిలవడ్తది. లేకుంటే కెమెరా అమ్మి కంపెనీల చేర్త" అని మా నాయన మాటిచ్చాడు. దుకాణం పోతే నా బతుకేమిటి? కనీసం అన్వర్‌తో పోటీ పడటానికైనా నాకొక దుకాణం ఉండాలి కదా.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. బతుకమ్మ నాటికి తంగేడు పూలకూ వెతుక్కున్నారు. జొన్న మోకాలెత్తులో ఎండిపోయింది, బావుల్లో బొక్కెన రాయికి తగిలి ఖంగుమంది. మేత లేక ప్రతి ఊరూ గొర్లను అంగడికి తోలింది. అమ్మేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు. పటేల్‌కు ఎండని బావి ఉంది కాబట్టి పెండ్లి ఆగలేదు. పెండ్లికి ముందటి అంగడికి మా నాయన నన్ను వెంటబెట్టుకుని పోయాడు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న పొట్టేళ్ల మధ్య అటూ ఇటూ తిరిగి, ధర అడిగి, మళ్లీ అడిగి, ఒక రాయి మీద కూలబడ్డాడు. పొట్టేలు సగం ధరకు పడిపోయింది. రీలు ధర మాత్రం పెరిగి కూర్చుంది, పెరిగిన ధరకూ పట్నంలో సరుకు లేదంటున్నారు.

ఇంటికొచ్చాక మా అమ్మ కెమెరాను తుడిచి, దాని తోలు సంచిలో పెట్టి, మా నాయన ముందు ఉంచింది.

ఆ సాయంత్రమే ఖాదర్ చాచా రోడ్డు దాటి వచ్చాడు. చంకలో ఇసుక అంటిన కుండ ఉంది.

"క్యా భాయ్, పొట్టేలు దగా చేసిందట?"

మా నాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. చాచా కుండ కింద పెట్టాడు.

"కాజీపల్లోళ్ల పెండ్లి కరువుకు వచ్చే ఏడాదికి పోయింది. ఈ కుండల రీళ్లు ఉట్టిగనే పడి ఉన్నయ్. తీస్కపోయి పెండ్లి కానియ్యి."

"రీళ్లు వాపస్ ఎట్ల ఇయ్యాలె, ఖాదర్ భాయ్?"

"నీ పొట్టేలు బలిసినంక ఇయ్యి" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

మా అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నాకూ కళ్లు మండాయి గానీ అది వేరే మంట. ఇన్నాళ్లూ నేను అసూయపడింది వాళ్ల స్కూటరుకు, హంసలకు, కుండలకు. ఇప్పుడు మంచితనం కూడా అటు దుకాణంలోనే ఉందని తేలిపోయింది.

వెలిమెలలో పెండ్లి జరిగింది. కరువైనా బగారన్నం ఘుమఘుమలాడింది, పచ్చిపులుసులో ఉల్లిపాయ కరకరలాడింది, డప్పుల దెబ్బకు పందిరి గుంజ ఊగింది. కెమెరాను బొడ్డు దగ్గర పట్టుకుని, తల వంచి అద్దంలోకి చూస్తూ, మా నాయన ఊపిరి బిగబట్టి ఒక్కో రీలు పొదుపుగా వాడాడు. జనం ఎక్కువని ఖాదర్ చాచా కూడా పిలవకుండానే తన కెమెరా వేసుకుని సాయానికొచ్చాడు. చివరికి పటేల్ "పైసలు గావాల్నా, పొట్టేలే గావాల్నా?" అని అడిగితే, మా నాయన పొట్టేలే కావాలన్నాడు. దాన్ని పగ్గంతో పట్టుకుని, మెడలో కెమెరాతో పందిరి బయట నిలబడ్డాడు. అప్పుడు ఖాదర్ చాచా "హా, ఇగ మేపి బలిపియ్యి దాన్ని" అంటూ తన కెమెరాతో ఒక ఫోటో తీశాడు. మా నాయన పగలబడి నవ్వాడు. ఇంట్లో అట్లా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

పొట్టేలును మేపింది నేను. తుమ్మకాయలు రాల్చాను, కడుగునీళ్లు పెట్టాను, వానలు పడ్డాక చెరువు కట్టల మీద గడ్డి కోసుకొచ్చాను. అది దున్నపోతంత అయింది. అంత కాదు గానీ నన్ను రెండుసార్లు పడేసేంత అయింది. బక్రీద్‌కు ముందు మంచి ధరకు దాన్ని ఎవరు కొన్నారనుకుంటున్నారు? ఖాదర్ చాచానే. ఆ పైసలతో మా నాయన పట్నం పోయి రీళ్లు కొనుక్కొచ్చి ఆయన కుండ ఆయనకు నింపి ఇచ్చాడు. దుకాణం నిలబడింది. నా పొట్టేలు మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా అన్వర్ వెంట రోడ్డు దాటిపోయింది. నా కళ్ల ముందే.

ఆ తర్వాత మా నాయన కూడా కుండలు కొన్నాడు. మా ఇంట్లో మా అందరి ఫోటోలూ ఉన్నాయి, ఆయనది ఒక్కటీ లేదు. తీసేవాణ్ని తీసేదెవరు? ఉన్న ఒక్క ఫోటో, పొట్టేలుతో నవ్వేది, ఖాదర్ చాచా దుకాణం అద్దం వెనక ఏళ్ల తరబడి ఉంది. ఆ దుకాణం మూతపడ్డాక అన్వర్ ఇంటి గోడకెక్కింది. అడిగితే ఇచ్చేవాడే. అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇదంతా రంజన్ పక్కన కూర్చుని తలచుకుంటుండగానే అన్వర్ వచ్చాడు. మోకాళ్లు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. మనవరాలి పెండ్లి వచ్చే ఏడాదట. మా మనవడు డ్రోన్లు, ఆల్బములు అంటూ ఏదో లెక్క మొదలుపెట్టాడు. నేను అడ్డుకున్నాను.

"వాని మాట ఇనకు. గప్పటికి పొట్టేలు ఎంతుంటదో గంత."

అన్వర్ బోసినోటితో నవ్వాడు. "అట్లయితే బక్రీద్ అయినంక పెట్టుకుంటం తీయ్ యాద్గిరి, ధర దిగి అగ్గువైతది."

"ఏ పొట్టేలు తాతా, ఏ అంగడి?" అన్నాడు మా మనవడు. వాడిదీ తప్పు కాదు. గొర్లు నిలబడిన చోట ఇప్పుడు అపార్టుమెంట్లు నిలబడ్డాయి. తుమ్మచెట్లు లేవు, నీలం బల్బులు లేవు, తడి ఇసుక గది మీదుగా రోడ్డు వెడల్పయింది. ధర చూసిరావడానికి ఎక్కడికి పోవాలో నాకూ తెలియదు.

అన్వర్ గుడ్డ సంచిలోంచి చట్రం కట్టిన ఫోటో తీసి నా ఒళ్లో పెట్టాడు. "బయానా" అన్నాడు.

మా నాయనను ఇప్పుడు మా హాల్లో పెట్టుకున్నాం. రోజూ చూస్తున్నాను. పొట్టేలు పగ్గం పట్టుకుని, మెడలో కెమెరాతో, పండ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఎంత పక్కకు జరిగి నిలబడి చూసినా ఆ చూపు నా మీద పడదు. కెమెరాను కాదు, దాన్ని బొడ్డు దగ్గర పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఖాదర్ చాచాను చూసే ఆయన నవ్వుతున్నాడు.