మూడో రోజుతో ఆపేసిన సూది

నిన్న విడవలూరులో పశువుల మందుల దుకాణం పంచన ఎండకు తలదాచుకుని నిలబడి ఉంటే, ఒక ఆడమనిషి వచ్చి తన ఆవు పొదుగువాపుకు రెండు రోజుల సూదిమందు ఇమ్మని అడిగింది. ఐదు రోజులు వెయ్యాలి కదా అని దుకాణం అతను అంటే, “పాలు తెల్లబడితే చాలు గదన్నా, ఇంక ఆపేస్తాం” అంది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్న రోజుల్లో ఈ చుట్టుపక్కల గడప గడపకూ ఆ మాట నేర్పినవాణ్ణి నేనే.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మందుకు ఎంత కటకటో. సైకిలుకు సంచీ తగిలించుకుని వరి కయ్యల గట్ల మీద పడుతూ లేస్తూ వెళ్ళి, ఒక ఆవుకు వెయ్యాల్సిన ఐదు రోజుల మందును రెండు ఆవులకు సర్దేవాణ్ణి. రెండో రోజుకే వాపు తగ్గి, ముక్కలు ముక్కలుగా విరిగి వచ్చే పాలు తెల్లగా దిగుతుంటే, ఇంకా సూదులెందుకు దండగ అనిపించేది. డాక్టరుగారు కోప్పడితే, పేదల బాధ ఈయనకేం తెలుసని లోలోపల గొణుక్కునేవాణ్ణి. నాది మంచి హస్తవాసి అని జనం అంటుంటే కాస్త పొగరు కూడా ఎక్కింది, ఎందుకు దాచాలి.

మా మేనత్తకు ఒక్కటే ఆవు. మామ పోయాక ఆ పాలతోనే ఇల్లు గడిచేది. ఆ ఆవుకు వెనక చన్ను వాస్తే మూడు రోజులు సూది వేశాను, పాలు బాగుపడ్డాయి, మిగిలిన మందు పక్కింటి గేదెకు వేసి వచ్చాను. నెల తిరక్కుండా అదే చన్ను మళ్ళీ వాచింది, మళ్ళీ మూడు రోజులే వేశాను. మూడోసారికి పొదుగు రాయిలా గట్టిపడి, చెయ్యి తగిలితేనే ఆవు వణికిపోయింది. భయపడి ఈసారి ఎనిమిది రోజులు వరసగా వేశాను గానీ, వేసింది మందో నీళ్ళో తెలియనట్టే అయింది. పాలకు బదులు చీము వచ్చింది, మిగతా చన్నులూ ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. సగం మందుకు చావకుండా మిగిలిన క్రిమి ఆ మందుకే అలవాటు పడిపోతుందని డాక్టరుగారు ఒక్క ముక్కలో చెప్పి, నా వంక చూడకుండా చేతులు కడుక్కున్నారు.

ఆ సంగతి అత్తకు చెప్పాలనే వెళ్ళాను. ఆవు ఉన్న ఇంట్లో, పొరుగింటి నుంచి అడిగి తెచ్చిన మజ్జిగ నా చేతికిచ్చి, “నీ చెయ్యి మంచిదే నాయనా, నా ఆవు రాతే బాగా ల్యా” అంది. మజ్జిగ తాగి వచ్చేశాను. ఆ ఏడు నుంచి ఆమె, ఆ వయసులో, నడుం వంచి నాట్లకు పోయింది.

ఇప్పుడు మందుకు కరువు లేదు, వీధికో దుకాణం ఉంది. ఒకప్పుడు రెండు సూదులకు లొంగిన జబ్బు ఇప్పుడు దేనికీ లొంగడం లేదనీ, ముందు పాలు పరీక్షకు పంపాకే ఏ మందు వెయ్యాలో చూస్తున్నామనీ కొత్తగా వచ్చిన కుర్ర డాక్టర్లు చెబుతుంటే, ఏమీ ఎరగనివాడిలా తల ఊపుతుంటాను. అత్త మాత్రం అంతా ఆవు రాతే అనుకుంటూనే కన్నుమూసింది. కాదత్తా, తప్పు నాదేనని చెప్పడానికి ఒక్క పూట చాలేది. అదే ఊళ్ళో, మా ఇంటికి రెండు వీధుల అవతల, ఆమె ఇంకా పన్నెండేళ్ళు బతికింది.