వెలుగుకు పట్టిన చీటీ

జువ్వలదిన్నె రేవులో పడవలకు డీజిలు చీటీలిచ్చే మా ఆఫీసుకు కంప్యూటర్లు చూసే అన్న ఒకడుండేవాడు. ప్రింటరులోంచి వచ్చిన మొదటి కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసేవాడు. మైపాడులో వాళ్ల నాయన వల చిరుగులు అలాగే వెతికేవాడట.

ఒకరోజు ప్రింటింగు సాఫ్ట్‌వేరులో దొంగలు దూరే కంత ఉందని తెలిసి, అన్ని కంప్యూటర్లలో ప్రింటింగు ఆపేశాడు. చీటీలు ఆగిపోయాయి, డీజిలు లేక పడవలూ ఆగిపోయాయి.

"సముద్రం నిమ్మళంగా ఉండాది, మమ్మల్ని ఆపినావే!" అని పడవ నడిపే సరంగు ఒకడు కోప్పడ్డాడు.

"చినిగిన వలతో పోతావా మామా?" అన్నాడు అన్న.

సరంగు గుమ్మం పక్కన కూర్చున్నాడు.

సాయంత్రానికి కంత పూడ్చే అప్‌డేటు వచ్చింది. అన్న తొలి చీటీని కిటికీకి ఎత్తాడు. సముద్రపు వెలుగులో అక్షరాలు ఈదుతున్నట్టున్నాయి.

"ఇంక పో మామా."

కొన్నాళ్లకు అన్న బదిలీ అయి వెళ్లిపోయాడు. ఇప్పుడు నేను చీటీ అందిస్తే, ఆ సరంగు చేయి చాపడు.

"వెలుగుకు పట్టి చూసినావా?" అంటాడు.