భూపాలపల్లి గదిల హరికేన్

నెల్లికుదురు బడిల పదిహేనేండ్లు లెక్కల సారుగ చేసిన. ఒక వానకాలం జ్వరం ముదిరి మహబూబాబాద్ దవాఖానల పడ్డ. జ్వరం తగ్గింది గని ఎడమచెవి పూర్తిగ, కుడిచెవి సగం పోయినయి. పిల్లలు అడిగేది వినవడకపోతే ఇగ పాఠం ఎట్ల చెప్త? భూపాలపల్లిల ఫైళ్లు చూసే పనికి పంపిచ్చిన్రు. నా భార్యకు జనగామల అంగన్‌వాడీ కొలువు. ఆమె అక్కడ, నేను ఇక్కడ అద్దె గదిల.

మొదట్ల ప్రతి వారం జనగామ పోయేటోన్ని. చుట్టాలు కూసోని ముచ్చట్లు పెడుతుంటే, అందరు నవ్వినప్పుడు నేను గూడ నవ్వేటోన్ని. ‘ఏందంట?’ అని అడిగితే ‘ఏంలేదు’ అనేటోళ్లు. పెదవులు చూసి నేను మొదలు నేర్చుకున్న మాట గదే. మెల్లగ, ఆదివారం గూడ ఆఫీసు పని ఉన్నదని మెసేజ్ పెట్టుడు షురూ చేసిన. అది అబద్ధం.

గా రోజులల్లనే ఫోన్ల ఒకాయన ప్లాస్టిక్ ముక్కలతోని విమానం చేస్తుంటే చూసిన. గంటసేపు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఏం పోగొట్టుకోకుండ చూసిన వీడియో గదొక్కటే. గసొంటి విమానం ముక్కల డబ్బనే తెప్పిచ్చిన. రెండో ప్రపంచయుద్ధం నాటి హరికేన్ అనే యుద్ధవిమానం. బర్మా దిక్కు మనోళ్లు గూడ నడిపిన్రట. రెక్కల వెడల్పు మూరెడు పైననే. పైలట్ సీటుకు బెల్టు అతికిచ్చుడుకే ఒక ఆదివారమంత పట్టింది.

రంగు దగ్గర ఆగిపోయిన. నేనేసిన పచ్చరంగు నాగలి సాళ్ల లెక్క గీతలు గీతలు లేచింది. గడపల కూసోని దాన్ని తుడుస్తుంటే ఎదురింటి చాచా వచ్చిండు. ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేటోడు; ఫ్లెక్సీలు వచ్చినంక ఆ పని పోయింది. వచ్చి నా కుడిపక్కన కూసున్నడు.

“రంగు చిక్కగున్నది సార్. జర పల్చగ చెయ్యి. ఒకటే దిక్కు గుంజు, మళ్ల మళ్ల రుద్దకు.”

అరవలేదు. చెవి దగ్గరికొచ్చి నిమ్మళంగ చెప్పిండు. అంత తేటగ ఒక మనిషి మాట విని ఎన్ని నెలలైందో!

ముదురాకుపచ్చ, మట్టిరంగు మచ్చలు పూత మీద పూత ఏసినం. రెక్కల మీద నీళ్లల్ల నానేసి అతికిచ్చే వాయుసేన గుర్తుల స్టిక్కర్లు నీళ్లల్ల ఏయంగనే చిట్లిపోతే, ఆ గుర్తుల నీలం వలయాలు చాచానే చేత్తోని గీసిండు.

“నడుమ ఎర్రచుక్క ఉండాలె గద?”

“బర్మాల తీసేసిన్రు చాచా. జపానోళ్ల గుర్తు ఎర్రగుంటది. అది చూసి మనోళ్లే కొడ్తరని.”

చాచా చాలాసేపు నవ్విండు. నేను గూడ నవ్విన, ఈసారి ఎందుకో తెలిసి.

ఒక ఆదివారం నా భార్య చెప్పకుండ వచ్చింది. బల్ల మీద విమానాన్ని, నా చేతులకున్న రంగును చూసింది.

“గిదేనా ఆఫీసు పని?”

గా మాట సాఫ్‌గ వినవడ్డది. తర్వాత కిటికీ దిక్కు తిరిగి ఏందో అన్నది.

“ఏందన్నవ్?”

“ఏంలేదు,” అన్నది ఇటు తిరిగి.

నాకు ఏడుపొచ్చింది. “గా మాట అనకు,” అన్న. “గదొక్కటి అనకు. ఇంటినిండ మనుషులుంటే నేనొక్కన్నే ఉన్నట్టుంటది. గందుకే వస్తలేను.” ఇన్ని నెలల్ల ఆమెకు గింత మాట చెప్పలేదు.

ఆమె వచ్చి నా ముందట కూసుంది. కిటికీ దిక్కు తిరిగి అన్నది మళ్ల చెప్పింది: “ఇంట్ల నేను గూడ ఒక్కదాన్నే ఉంటున్న.”

సాయంత్రం బస్సెక్కిచ్చిన.

పై ఆదివారం జనగామ పోయిన. చుట్టాలు ఉన్నరు. సగం వినవడ్డది, మిగతాది నా భార్యను అడిగిన. నాలుగోసారి అడిగినప్పుడు ఆమె ముఖంల జర విసుగు కనవడ్డది. అయినా అడిగిన, ఆమె మళ్ల చెప్పింది.