పొడి చేసిన గుల్లలు

మా అన్నయ్యను షెడ్డులో అందరూ సమ్మెట అంటారు. గుద్దుకున్న కార్ల సొట్టలు తీయడం అతని పని. రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందునుంచి సుత్తితో కొడతాడు. ముప్పయ్యేళ్లుగా కొడుతూనే ఉన్నాడు, బయట రేకుల్ని, ఇంట్లో మనుషుల్ని. ఇది నేను చాటుగా చెప్పే మాట కాదు, మొహం మీదే అన్నాను. అన్న రోజే నా పన్ను ఊడింది. నేనూ తక్కువ తినలేదు, చేతిలో ఉన్న వేడి ఇస్త్రీపెట్టెతో అతని భుజం మీద ఒకటిచ్చాను. మా నాన్న కొడుకనీ కూతురనీ చూడకుండా మా ఇద్దరినీ బెల్టుతో పెంచాడు. మా ఇంట్లో ముందు చెయ్యి లేస్తుంది, మాట తీరిగ్గా ఆ వెనక వస్తుంది.

అన్నయ్య కూతురికి పదిహేనేళ్లు. ముందు గదిలో గాజు తొట్టె పెట్టుకుని చేపల్ని పెంచుకునేది. ఒక సాయంత్రం అన్నయ్య షెడ్డులో ఎవరితోనో మాటలు పడి ఇంటికొచ్చాడు. తొట్టెలో గాలి మోటారు గుయ్యిమంటోంది. ఆపమన్నాడు. ఆపితే చేపలు చచ్చిపోతాయంది పిల్ల. అంతే, సంచీలోంచి సుత్తి తీసి తొట్టెను కొట్టాడు. నేలంతా నీళ్లు, నీళ్లలో గిలగిల్లాడే చేపలు. పిల్ల వాటిని ఏరబోతే, చట్రంలో వేలాడుతున్న గాజుపలక జారి ఆమె కుడి అరచేతిని ఎముక దాకా కోసేసింది. రెండు ఆపరేషన్లయినా చివరి రెండు వేళ్లు ముడుచుకోవు.

చెయ్యి తెగిన ఆ రాత్రే, ఆసుపత్రిలో కుట్లు వేయించి వదిన పిల్లను తీసుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది. నేను టైలర్ని. కింద షాపు, పైన రెండు గదులు. మర్నాడు అన్నయ్య మెట్లెక్కి వస్తే, గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. లోపల అడుగు పెడితే పొడుస్తానన్నాను. పొడుస్తానని అతనికి తెలుసు. మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చి అక్కడే కూర్చునేవాడు.

రెండు నెలలయ్యాక పిల్ల నాతో ఒక మాట చెప్పి పంపింది.

"నాన్నని ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టమను అత్తా. చిన్నదే చాలు, కానీ తన చేత్తోనే పెట్టాలి. ఆ నీళ్లు కుదురుకోడానికి నెలా పదిహేను రోజులు పడుతుంది. అన్నాళ్లూ ఆగి, తర్వాత అందులో నత్తల్ని వెయ్యమను. వచ్చి చూస్తాను. నత్తలు బాగుంటే ఇంటికొచ్చేస్తాను."

నాకు నవ్వొచ్చింది. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే మనిషి నీళ్ల కోసం నెలన్నర ఆగడమా! కానీ అన్నయ్య ఆ సాయంత్రమే చేపల షాపుకి పోయాడు.

షాపతను బక్కపల్చటి ముసలాయన. ఉప్పు ఎంత కలపాలో, సముద్రపు రాళ్లు ఎలా పేర్చాలో ఓపిగ్గా చెప్పాడు. పచ్చి రొయ్యముక్క ఒకటి వేసి కుళ్లనివ్వాలట. దాంతో నీళ్లలో అమ్మోనియా అనే విషం పుడుతుంది, ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు మెల్లగా రాళ్లకు పట్టుకుంటాయి. అవి సరిపడా పెరిగేదాకా ఏ ప్రాణిని వేసినా చస్తుంది. నీళ్లు గాజు గొట్టంలో పోసి మందు చుక్కలు వేస్తే, విషం ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు. అడుగున గుల్లల పొడి పరిస్తే నీళ్లకు మంచిదని కూడా చెప్పాడు.

రోజూ పొద్దున్నే గొట్టం చూసేవాడు. రోజూ ఆకుపచ్చే. రెండో వారంలో ఒళ్లు మండి, షాపుకి పోయి ముసలాయన కాలర్ పట్టుకుని గోడకు నొక్కాడు. పాపం ఆయన కళ్లజోడు కింద పడి పగిలింది. "నన్ను కొడితే అవి తొందరగా పెరగవు, వదులు" అన్నాడట ఆయన. వదిలేశాడు. ఇంటికొచ్చి గోడను గుద్దాడు, వేలి ఎముక విరిగింది. నేను చూడ్డానికి వెళ్తే గోడ మీద నెత్తురు ఇంకా తుడవలేదు. ఇదేంటని అడిగితే, ట్యాంకును కొట్టలేదుగా అన్నాడు. నిజమే, కొట్టలేదు. ఆ ముక్కకి నా మనసు కొంచెం కరిగింది, అబద్ధమెందుకు.

నాలుగో వారంలో షెడ్డులో ఒకడు, చేప లేని నీళ్లకు కాపలా ఏంట్రా అని నవ్వాడు. అన్నయ్య వాడి తల తీసుకెళ్లి కారు బానెట్టుకేసి కొట్టాడు. వాడి నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి, బానెట్టుకు సొట్ట పడింది. ఆ సొట్ట అన్నయ్యే తీశాడు.

నలభై మూడో రోజున గొట్టం పసుపు రంగుకొచ్చింది. అప్పటికి అద్దానికీ రాళ్లకూ గోధుమరంగు పాకుడు పట్టింది. దాన్ని తిని శుభ్రం చేయడానికే నత్తలు. ఆరు కొన్నాడు. కొంటుంటే పక్క తొట్టెలో అద్దెపీతలు కనబడ్డాయి. వాటికి సొంత గుల్ల ఉండదు, ఖాళీ నత్తగుల్లలో వెనకభాగం దాచుకుని తిరుగుతాయి. అవీ పాకుడు తింటాయట. రెండు పీతలు కత్తెరల్లాంటి డెక్కలతో ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయి. అన్నయ్యకు తెగ నచ్చేశాయి, మన రకమే అనుకుని నాలుగు తీసుకున్నాడు. ముసలాయన గుప్పెడు ఖాళీ గుల్లలు పొట్లం కట్టిచ్చి, ఇవి కూడా వెయ్యమన్నాడు. ఎందుకో చెప్పేలోపే ఇతను బండెక్కేశాడు.

గుల్లల పొడి నీళ్లకు మంచిదన్న ముక్క మాత్రం అతనికి బాగా గుర్తుంది. పొట్లం విప్పి, గుల్లల్ని ఇనుప దిమ్మ మీద పోసి, సుత్తితో బియ్యపుగింజలంత చేశాడు. జల్లెడ పట్టాడు, మూడుసార్లు కడిగాడు, ట్యాంకు అడుగున చదునుగా పరిచాడు. నేను అక్కడే ఉన్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. బాగుంది అన్నయ్యా అన్నాను కూడా.

రెండు వారాలు గడిచాయి. వదిన, పిల్ల వస్తామన్న ఆదివారం ఇల్లు ఊడ్చి పెట్టడానికి నేను ముందుగా వెళ్లాను. అన్నయ్య ట్యాంకు ముందు కూర్చుని నత్తల్ని లెక్కపెడుతున్నాడు. ఐదే ఉన్నాయి. ఆరోదాని గుల్ల నడుస్తోంది, కానీ దానికింద ఉన్నవి పీత కాళ్లు. మేం చూస్తుండగానే ఇంకో పీత ఇంకో నత్త మీదికెక్కింది. డెక్క లోపలికి పెట్టి మాంసాన్ని పీకింది, ముక్క ముక్కగా. నత్త గుల్ల మూత వేసుకోబోయింది, కుదరలేదు. లోపలంతా ఖాళీ చేశాక పీత తన ఇరుకు గుల్లలోంచి బయటికొచ్చింది. మెత్తటి, వంకర తిరిగిన ఒళ్లు ఒక్క క్షణం కనిపించింది. అది వెనక్కి జరిగి నత్తగుల్లలోకి దూరిపోయింది.

"నా కూతురి నత్తల్ని" అన్నాడు అన్నయ్య. మోచేతిదాకా చెయ్యి ముంచి ఆ పీతను బయటికి తీశాడు. నేను చొక్కా పట్టుకుని లాగితే ఒక్క తోపు తోశాడు, నా వీపు బీరువాకు తగిలి ఊపిరాడలేదు. పీతను దిమ్మ మీద పెట్టి సుత్తితో కొట్టాడు. మొదటి దొంగను తీసి కొట్టాడు. ఏ పాపం చేయని మూడోదాన్నీ కొట్టాడు. బల్లంతా ఉప్పునీళ్లు, గుల్లముక్కలు, ఇంకా ఆడుతున్న కాళ్లు. సుత్తి మళ్లీ లేచేసరికి గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది, వెనక వదిన.

"నత్తల్ని చంపేస్తున్నాయమ్మా" అన్నాడు.

పిల్ల ట్యాంకు దగ్గరికొచ్చి, ముడుచుకునే మూడు వేళ్లతో అడుగునుంచి కాస్త పొడి తీసింది. ఇదేంటని అడిగింది. షాపతను గుల్లలిస్తే నీకోసం పొడి చేశానన్నాడు.

"ఇవి వాటి ఇళ్లు నాన్నా. పెరిగాక మారడానికిచ్చాడు. ఇవి ఉంటే నత్తల జోలికి పోయేవి కావేమో."

అన్నయ్య ఆ పొడివంక చూశాడు. తర్వాత తన కుడి అరచేతిని దిమ్మ మీద పెట్టి, ఎడం చేత్తో సుత్తి ఎత్తాడు. వదిన కళ్లు మూసుకుంది. పిల్ల మాత్రం కదలకుండా చూస్తూనే ఉంది.

"అదీ కొట్టడమే నాన్నా" అంది.

సుత్తి గాల్లోనే ఆగింది. మెల్లగా దించి బల్ల మీద పెట్టాడు.

పిల్ల అక్కడ ఉండలేదు. మిగిలిన నాలుగు నత్తల్నీ, ఒక్క పీతనీ మాతో తీసుకొచ్చేశాం. రాళ్లూ నీళ్లూ బకెట్లలో, చివరికి ట్యాంకు కూడా అన్నయ్యే మోసుకొచ్చి మా పై మెట్టు మీద పెట్టాడు. లోపలికి మేం తెచ్చుకున్నాం.

ఇప్పటికీ ఆదివారం ఆదివారం వస్తాడు. కడిగిన ఖాళీ గుల్ల ఒకటి, పగుళ్లు లేనిది, మెట్టు మీద పెట్టి కాసేపు కూర్చుని పోతాడు. పిల్ల దాన్ని తెచ్చి నీళ్లలో వేస్తుంది. మొన్న పీత ఇల్లు మారింది, నత్తలు నాలుగూ ఉన్నాయి. ఆ సంగతి తండ్రికి చెప్పమంది, చెప్పాను. అతను మెట్ల మీద వెక్కి వెక్కి ఏడ్చాడు, నాకూ ఏడుపొచ్చింది. కానీ లోపలికి రమ్మని పిల్ల అనలేదు. కత్తెర ఇంకా తలుపు వెనకే ఉంది.