అడ్డరోడ్డు చలివేంద్రం

తడి ఇసక వాసన తగిలితే నాకిప్పటికీ నిద్ర ముంచుకొస్తుంది. చిన్నప్పటి వేసవి సెలవులన్నీ ఆ వాసనలోనే గడిచాయి.

కంకిపాడు దాటి బందరు వైపు కొంత దూరం వెళితే మా ఊరి అడ్డరోడ్డు వస్తుంది. రోడ్డుకి అటు కాలవ, ఇటు నిద్రగన్నేరు చెట్టు. ఉగాది వెళ్ళిన మర్నాడు మా పెద్దమ్మ ఆ చెట్టు కింద తాటాకు పందిరి వేయించేది. ఇసక పోయించి, అందులో నాలుగు కొత్త కుండలు కుదురుగా పెట్టించి, వాటి చుట్టూ తడి గోనెపట్టా చుట్టేది. నీళ్ళలో గుప్పెడు వట్టివేళ్ళు వేసేది. మృగశిర కార్తెలో తొలి చినుకు పడేదాకా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, దారినపోయే వాళ్ళకి మంచినీళ్ళు పోస్తూ ఉండేది.

నేను కుండల వెనక గోనె మీద పడుకునేదాన్ని. కళ్ళు మూసుకుంటే బస్సు ఆగిన చప్పుడు, చెప్పుల చప్పుడు, చెంబు కుండలో మునిగిన చప్పుడు, ఆ తర్వాత సన్నగా ధార. కాసేపటికి ఎవరిదో గొంతు, "చాలమ్మా". మళ్ళీ బస్సు, మళ్ళీ ధార, ఇంకెవరిదో గొంతు, "చాలు తల్లీ". కాలవ మీది గాలి వచ్చి పందిరి ఆకుల్ని గలగలలాడించేది. ఏ గొంతు నిజంగా విన్నానో, ఏది నిద్రలో విన్నానో తెలిసేది కాదు. సాయంత్రం పెద్దమ్మ తట్టి లేపేసరికి నా బుగ్గ మీద గోనె అచ్చులు పడి ఉండేవి.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పెదనాన్న తొందరగా పోయాడు, పిల్లల్లేరు, మా ఇంట్లోనే ఉండేది. ఇంట్లో ఆమె ఉన్నట్టే తెలిసేది కాదు. వసారా మూల కూర్చుని కందిపప్పులో రాళ్ళేరుకుంటూ ఉంటే, వచ్చిన చుట్టాలు ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళి, "మీ అక్క బాగుందా?" అని లోపల అమ్మనడిగేవాళ్ళు. అదే మనిషి పందిరి కిందికి వెళ్ళగానే నిటారుగా నిలబడేది. ఎవరి కూతురు పురిటికొచ్చింది, ఎవరి గేదె ఈనింది, బందరులో వాన పడిందా లేదా, అన్నీ ఆమెకే ముందు తెలిసేవి. ఏడాదిలో ఆ మూడు నెలలే ఆమె బతికేదనీ, మిగతా తొమ్మిది నెలలూ వాటి కోసం ఎదురుచూసేదనీ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆమె నీళ్ళు దోసిట్లోనే పోసేది. డిగ్రీ చదివే రోజుల్లో దీని మీద ఆమెతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. కొందరికి గ్లాసు అందనివ్వకుండా దోసిట్లో పోసిన రోజులు నేను పుస్తకాల్లో చదివి వచ్చాను మరి.

"గ్లాసు ఇవ్వకపోవడం తప్పు పెద్దమ్మా. మనిషిని తక్కువ చెయ్యడం అది."

"అందరికీ దోసిట్లోనేగా పోసేది. మొన్న మీ కాలేజీ ప్రిన్సిపాలుగారు కారు దిగి పట్టలేదూ దోసిలి?"

"అయినా సరే, గ్లాసులు పెట్టొచ్చుగా."

"గ్లాసు చేతికిచ్చేస్తే ఇక నాకేం పనుందే? దోసిలైతే వాళ్ళు చాలనేదాకా నేనక్కడ ఉండాలి."

ఆ జవాబు నాకప్పుడు చాదస్తంగా అనిపించింది. ఇవాళ తలుచుకుంటే నా చెవులు నేనే మెలేసుకోవాలనిపిస్తుంది.

విజయవాడలో ఉద్యోగం వచ్చాక కూడా నేను ఊళ్ళోనే ఉండి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నాకొక జబ్బుంది. ఎక్కడ ఏది సరిగా లేకపోయినా వెంటనే అర్జీ రాసేస్తాను. వీధి దీపం వెలగలేదని రాశాను, కాలవలో చెత్త పోస్తున్నారని రాశాను, బస్సు మా అడ్డరోడ్డు దాటి యాభై అడుగుల అవతల ఆపుతున్నారని రాశాను. ఇంట్లో నన్ను అర్జీలమ్మ అని ఏడిపించేవాళ్ళు. నేను లోలోపల మురిసిపోయేదాన్ని.

ఒక ఏడాది ఎండలు మరీ మండిపోతుంటే వడదెబ్బ మీద అవగాహన కోసం మండలం వాళ్ళు ర్యాలీ తీశారు. ఒంటిపూట బడి పిల్లలకి బ్యానర్లిచ్చి పదకొండింటి ఎండలో నడిపించారు. ఎండలో తిరగవద్దని అరుస్తూ ఎండలో నడిచొచ్చిన ఆ పిల్లలు, అడ్డరోడ్డు దగ్గర పందిరి కనపడగానే వరస తెంపుకుని పరిగెత్తారు. వాళ్ళ వెనకే మండలం ఆఫీసరుగారూ వచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకుని దోసిలి పట్టారు. తాగి, తల పైకెత్తి, "ఎన్నేళ్ళ నుంచి పోస్తున్నారు మామ్మగారూ?" అని అడిగారు. పెద్దమ్మ ఆలోచించి, "ఈ చెట్టు నా భుజం దాకా ఉన్నప్పటి నుంచండీ," అంది.

అంతే, నా చెయ్యి దురద పెట్టింది. ఆ రాత్రే అర్జీ రాశాను. ఇంత సేవ చేస్తున్న మనిషికి గుర్తింపు లేకపోవడం మనందరికీ సిగ్గుచేటని రాశాను. పాత కుండల బదులు మంచి ఏర్పాటు, అందరికీ గ్లాసులు ఉండాలని కూడా రాశాను. నా అర్జీలన్నింటిలో పూర్తిగా పనిచేసింది అదొక్కటే.

పంద్రాగస్టు నాడు మండలం ఆఫీసు ముందు షామియానా వేశారు. పెద్దమ్మని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఉక్కపోతలో దళసరి శాలువా కప్పి, ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం చేతికిచ్చారు. ఫోటో కోసం దండం పెట్టమంటే పెట్టింది. ఎవరో నీళ్ళ సీసా అందిస్తే, మూత తియ్యకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను మాత్రం ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాను. ఇంటికొచ్చాక ఆ పత్రాన్ని చాలాసేపు చూసి, "దీంతో నేనేం చెయ్యాలే?" అని అడిగింది. గోడకి తగిలించాలని చెప్పాను.

మరుసటి ఉగాదికి ముందే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అడ్డరోడ్డులో సర్కారు చలివేంద్రం పెడుతున్నామనీ, మామ్మగారి ఫోటోతో ఫ్లెక్సీ వేయిస్తున్నామనీ చెప్పి, "మేటర్ మీరే రాసిచ్చెయ్యండి మేడం, మీ భాష బాగుంటుంది," అన్నారు. పొగిడితే నేనాగుతానా? రాసిచ్చాను. 'దాహార్తులకు తల్లిగా నిలిచిన మహనీయురాలు. ఆమె సేవలు చిరస్మరణీయం.' ఆ చివరి మాట దగ్గర నా గుండె ఉప్పొంగింది కూడా.

కొత్త చలివేంద్రం వచ్చింది. ఆకుపచ్చ గుడ్డ పందిరి, స్టీలు కూలర్, నొక్కితే నీళ్ళొచ్చే కుళాయి, గొలుసుతో కట్టిన రెండు గ్లాసులు. పైన ఫ్లెక్సీ. నాయకుల ఫోటోలు ఓ పక్కన వరసగా ఉంటే, నడిమధ్యన కోడిగుడ్డు ఆకారంలో పెద్దమ్మ దండం పెడుతూ ఉంది. ఫ్లెక్సీ కొట్టిన షాపతను తన దగ్గరున్న బొమ్మల్లోంచి తెల్ల పువ్వులు తీసి ఆమె చుట్టూ పెట్టాడు. ఆఫీసరుగారు ఎంతో మర్యాదగా, "ఇక మీరు రెస్ట్ తీసుకోండి మామ్మగారూ. చేసింది చాలు," అన్నారు. పెద్దమ్మ ఫ్లెక్సీ వైపు చూస్తూ, పెదాలు కదుపుతూ ఆ అక్షరాలన్నీ చదువుకుంది. "బాగానే ఉంది," అని ఇంటికొచ్చేసింది.

ఆ ఏడాదంతా కుండలు దొడ్లో బోర్లించే ఉన్నాయి. తెల్లవారుజామున మెలకువ వస్తే పెరట్లో నీళ్ళ చప్పుడు వినపడేది. మొదట్లో కలేమో అనుకున్నాను. ఒకరోజు లేచి చూస్తే, పెద్దమ్మ ఉత్త ఇసక గుట్ట మీద చెంబుతో నీళ్ళు చల్లుతోంది. తడిపి, అరచేత్తో చదును చేసి, దాని పక్కనే కూర్చుంది. తెల్లవారే వెలుగులో ఆమె చీర, ఇసక, బోర్లించిన కుండలు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. పలకరించడానికి నాకు ధైర్యం చాలలేదు. తిండి తగ్గింది, మాట అసలే లేదు. ఆమెని అలా చేసింది నేనేనని నాకు తెలుసు. తెలిసీ రోజూ బస్సెక్కి ఆఫీసుకి పోతూనే ఉన్నాను.

కొన్నాళ్ళకి ఫ్లెక్సీ కట్టిన గుంజకి ఒక కనకాంబరాల దండ కనపడింది. ప్రారంభోత్సవం రోజుదేమో అనుకున్నాను. మర్నాడు దాని పక్కన మల్లెపూలు. ఆ తర్వాతి రోజు పొద్దున నేను బస్సు కోసం నిలబడి ఉండగా, బందరు వైపు నుంచొచ్చిన బస్సులోంచి చేపలావిడ దిగింది. సముద్రం పక్క ఊళ్ళ నుంచి తట్టతో వచ్చి మా చుట్టుపక్కల అమ్ముకునే మనిషి. తట్ట కింద పెట్టి, ఫ్లెక్సీ ముందు నిలబడి, తన జడలోని పూలు తీసి గుంజకి కట్టింది.

"ఎప్పుడు పోయారండీ ఈవిడ?" అని నన్నడిగింది. "మొన్న వేసవికి కూడా బాగానే ఉన్నారు. మాకెవరూ సెప్పలేదండీ."

ఫ్లెక్సీ వైపు చూశాను. మధ్యలో ముసలావిడ ఫోటో, చుట్టూ తెల్ల పువ్వులు, కింద చిరస్మరణీయం. మా వైపు రోడ్ల మీద అలాంటి ఫ్లెక్సీ కడితే దాని అర్థం ఒక్కటే. చూడగానే బస్సులో వాళ్ళు చెయ్యెత్తి దండం పెట్టుకుంటారు. ఆ మాటలు రాసిన మొద్దుకి తప్ప అందరికీ అది తెలుసు.

ఆవిడ నాతో చెబుతున్నట్టే ఫ్లెక్సీతో చెప్పుకుంటోంది. "మా సేతులు నీసు వాసనండీ. హోటలోళ్ళు గ్లాసియ్యాలంటే అదోలా సూత్తారు. ఈవిడ ముందు సేతులు కడిగిచ్చేవారు. సన్నగా పోసి, రుద్దుకునేదాకా ఆగేవారు. అప్పుడు తాగటానికి పోసేవారు. నేనేనాడూ అడగలేదండీ, ఆవిడే పోసేవారు."

ఆమె బతికే ఉందని చెప్పాలి. నోరు తెరిచేలోపు నా బస్సు వచ్చింది. ఎక్కాక కండక్టరమ్మ టికెట్ ఇస్తూ కిటికీలోంచి చూసి, "మంచి మనిషి, పాపం," అంది. విజయవాడ దాకా కాలవ వైపే చూస్తూ కూర్చున్నాను. ఎండలో నీళ్ళు మెరుస్తుంటే కళ్ళు మండుతున్నాయని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

సాయంత్రం పెద్దమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. అశుభమని అమ్మ లోపలి నుంచి కేకలేస్తున్నా ఆగలేదు. "ఆ మాటలు రాసింది నేనే పెద్దమ్మా," అన్నాను.

"బాగానే రాశావులే. నేనుండగా రాశావు, అంతే." కొంగు సర్దుకుంటూ, "ఈ యేడు పోయినట్టేగా నేనున్నది," అంది.

నాకు ఏడుపాగలేదు. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "చేపలమ్మాయి ఏమందో మళ్ళీ చెప్పు," అని అడిగింది. చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. "చేతులు కడగడం గుర్తుందన్నమాట," అని తనలో తను అనుకుంది.

ఆదివారం పొద్దున పెద్దమ్మ చీర మార్చుకుని, తల మీదుగా కొంగు వేసుకుని, "పద, అడ్డరోడ్డు దాకా వెళ్ళొద్దాం," అంది. చేతిలో గుడ్డ సంచీ. ఆకుపచ్చ పందిరి కింద బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. గుడ్డలోంచి వడగట్టిన ఎండ మా చేతుల మీద ఆకుపచ్చగా పడుతోంది. బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. తన ఫోటోకి దండం పెడుతున్న వాళ్ళని పెద్దమ్మ తలొంచుకుని, కొంగు చాటు నుంచి ఒక్కొక్కరినే చూస్తోంది. ఫ్లెక్సీ కింద కూర్చున్న ముసలావిడని ఎవరూ గమనించలేదు. అది మెలకువో కలో నాకే తెలియడం లేదు.

పది దాటాక చేపలావిడ దిగింది. తట్ట దించి, ఫ్లెక్సీ వైపు చూసి చేతులు కళ్ళకద్దుకుని, కూలర్ దగ్గరికి నడిచింది. గ్లాసు ముట్టుకోలేదు. దోసిలి పట్టింది. కానీ ఆ కుళాయి ఒక చేత్తో నొక్కి పట్టుకుంటేనే నీళ్ళొస్తాయి. ఒక చేత్తో నొక్కి, రెండో అరచెయ్యి పట్టింది. వచ్చిన నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి మోచేతి మీదుగా కారిపోయాయి. మళ్ళీ పట్టింది. మళ్ళీ అంతే.

పెద్దమ్మ లేచింది. సంచీలోంచి ఆ పాత చెంబు తీసింది. ఎప్పుడు పెట్టుకుందో నేను చూడలేదు. పక్కకి జరగమన్నట్టు ఆవిడ భుజం మీద చిన్నగా తట్టి, కుళాయి నొక్కి చెంబు నింపింది. ఎవరో సాయం చేస్తున్నారనుకుని చేపలావిడ తలొంచి రెండు చేతులూ పట్టింది.

పెద్దమ్మ ముందు సన్నగా పోసింది. పోసి, ఆగింది.

ఆ చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాయి. ఆవిడ తల ఎత్తలేదు. మెల్లగా, పూర్తిగా రుద్దుకుని, మళ్ళీ దోసిలి పట్టి నోటి దగ్గర పెట్టుకుంది. పెద్దమ్మ పోసింది. ఆవిడ తాగింది. చెంబు అయిపోతే పెద్దమ్మ మళ్ళీ నింపి పోసింది. కాసేపటికి ఆవిడ గుటక వెయ్యడం మానేసింది. నీళ్ళు దోసిలి నిండి, మణికట్టు మీదుగా పొంగి, కాళ్ళ దగ్గర మట్టిలో ఇంకుతున్నాయి. ఏదో బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

ఆవిడ చాలనలేదు. పెద్దమ్మ పోస్తూనే ఉంది.