వరద ఊరికి వెళ్లిన లైన్‌మేన్

తుపాను హెచ్చరిక వచ్చిందంటే నరసన్నపేటలో జనం కిటికీ తలుపులు బిగించుకుని, బియ్యమూ కొవ్వొత్తులూ తెచ్చి పెట్టుకుంటారు. నరసింగరావు మాత్రం మోటారు సైకిలుకు పెట్రోలు కొట్టించుకుని వచ్చేవాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మేన్ కదా, డ్యూటీ ఉంటుంది అనుకునేవారు తెలియనివాళ్లు. తెలిసినవాళ్లు నవ్వుకునేవారు. డ్యూటీ ముగిశాక కూడా ఆయన బండి ఇంటివైపు తిరిగేది కాదు. ఏ వంతెన కొట్టుకుపోయిందో, ఏ ఊళ్లోకి సముద్రం వచ్చిందో అటు తిరిగేది.

చిన్నప్పటి నుంచీ అంతే. వంశధార పొంగిందంటే బడి ఎగ్గొట్టి గట్టెక్కేవాడు. రైలు పట్టాలు తప్పిందని విని ముప్పై కిలోమీటర్లు సైకిలు తొక్కాడు. పెళ్లయిన కొత్తలో స్నేహితులంతా భార్యల్ని అరకు తీసుకెళుతుంటే, ఈయన ధనలక్ష్మిని నాగావళి వరదకు విరిగిన వంతెన చూపించడానికి తీసుకెళ్లాడు. ఆవిడ ఆ కథను ఇప్పటికీ వీధిలో ఆడవాళ్లకు చెప్పి నవ్విస్తుంది. “మా ఆయనతో కాశీ ఎల్లాలంటే ముందు కాశీకి వరద రావాల” అంటుంది.

తొంభై తొమ్మిదిలో ఒరిస్సాలో పెద్ద తుపాను వచ్చింది. రోడ్లు తెరుచుకున్న రెండు వారాలకు నరసింగరావు సెలవు పెట్టి, ఒక కెమెరా అరువు తీసుకుని, ఒక్కడే బండి మీద పారాదీప్ దాకా వెళ్లాడు. దారిలో తిండి దొరకలేదు, టైరు రెండుసార్లు పంచరయింది, ఒక రాత్రి లారీ కింద పడుకున్నాడు. తిరిగొచ్చి నెలరోజులు ఆ సాహసం చెప్పుకున్నాడు. తెచ్చిన ఫొటోలన్నీ ఆల్బమ్‌లో అతికించాడు. అందులో ఒకటి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవాడు. కూలిన ఇంటి దూలం మీద ఒక నడివయసు మనిషి మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నాడు. ఎంత బాగా వచ్చిందో చూడండి అనేవాడు.

ఆ పిచ్చికి పగ్గం వేసింది ఆయన అక్క జగ్గమ్మ.

జగ్గమ్మది ఉద్దానంలో కొబ్బరి తోటల ఊరు. రెండు వేల పద్దెనిమిదిలో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఆ తోటల్ని పడగొట్టేసింది. నరసింగరావు పది రోజులు స్తంభాల మీదే ఉండి, పదకొండో రోజుకు గానీ అక్క ఇంటికి వెళ్లలేకపోయాడు. వెళ్లేసరికి ఆవిడ పడిపోయిన పనస చెట్టు మొదలు మీద కూర్చుని ఉంది. అక్కడే ఎందుకు కూర్చున్నావని అడిగితే నవ్వు వచ్చిందావిడకు. అలవాటైపోయింది అంది. ఊరు చూడ్డానికి రోజూ కార్లలో జనం వస్తున్నారట. ఎవరో ఒక జంట వచ్చి, ఫొటో కోసం ఆ చెట్టు మీద కూర్చోమన్నారు. కూర్చుంది. కాస్త దిగులుగా చూడమన్నారు.

“సూసావా మరి?” అన్నాడు తమ్ముడు.

“పాపం అంత దూరం నుంచి వచ్చారు గదరా. సూసాను. ఏడుపేటీ రానేదు, ఆకలేస్తన్నాది. అన్నం తిన్నావా అని ఆల్లు అడగనేదు, ఆల్లనే నాను అడిగాను. తినేసి వచ్చారంట.” చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ మళ్లీ అంది. “సిరిగిన సీర మీద ఉన్నాన్రా ఆ పొద్దు. మార్సుకోనిస్తే బాగున్ను.”

ఆవిడ ఆ మాట కోపంగా అనలేదు. అందుకే నరసింగరావుకు ఎక్కువ తగిలింది. ఇంటికి వెళ్లి ఆల్బమ్ తీశాడు. దూలం మీద కూర్చున్న మనిషిని చాలాసేపు చూశాడు. ఆ రోజు ఆ మనిషి పేరు అడిగిన గుర్తు లేదు. తిన్నావా అని అడిగిన గుర్తు అసలే లేదు. ఆ భాష రాదు కదా అని సర్దిచెప్పుకోబోయాడు. తిండి సంగతి చేత్తో కూడా అడగవచ్చని తనకే తెలుసు. ఆల్బమ్ మూసి బీరువా మీద పడేశాడు.

తర్వాత ఆరేళ్లు ఎక్కడికీ కదలలేదు. రిటైరయ్యాక మరీ ముడుచుకుపోయాడు. టీవీలో వరద చూపిస్తే చానెల్ మార్చేవాడు. మొదట్లో పీడా వదిలిందనుకున్న ధనలక్ష్మికి ఇదీ నచ్చలేదు. పనిలేక ఇంట్లో ఉన్న మనిషి బాగున్న ఫ్యాన్లన్నీ విప్పి మళ్లీ బిగిస్తుంటే ఎవరు భరిస్తారు?

రెండు వేల ఇరవై నాలుగు సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు వాగు పొంగి కాలనీలకు కాలనీలు మునిగాయి. ఈసారి ఆయన చానెల్ మార్చలేదు. వారం రోజులు చూసి, ఎనిమిదో రోజు హెల్మెట్ దుమ్ము దులిపాడు. ధనలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

“సూడ్డానికా, సెయ్యడానికా?”

ఆయన హెల్మెట్‌ను మళ్లీ తుడిచాడు. ఆవిడ లోపలికి వెళ్లి, ఆయన పాత పనిముట్ల సంచీ తెచ్చి బండికి తగిలించింది. తన అన్న నారాయణమూర్తికి కబురు చేసి, తోడు వెళ్లమంది.

నారాయణమూర్తి నరసన్నపేట సెంటర్లో ముప్పై ఏళ్లు బట్టల కొట్టు నడిపిన మనిషి. అరవై అయిదేళ్లు, బరువైన శరీరం, నొప్పిపెట్టే నడుం. బావాబావమరదులిద్దరూ ఒకే బండి మీద నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు బయలుదేరారు. విజయనగరం దాటేలోపే నాలుగు చోట్ల టీకి ఆగారు. తునిలో వాన పట్టుకుంది. ఒక లాడ్జీలో తడిసిన బట్టలు ఫ్యాను కింద ఆరేసుకుని పడుకున్నారు. మర్నాడు రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన మీద నారాయణమూర్తి, కాశీ వెళ్లినా ఇంతే దూరమనిపించేది అన్నాడు. నడుం పట్టేసినా మనిషి మహా హుషారుగా ఉన్నాడు. కొట్టు గల్లా వెనక నుంచి లేచి ఇంత దూరం రావడం ఆయనకు జీవితంలో అదే మొదలు.

మూడో రోజు పొద్దున్న వాగు పక్క కాలనీకి చేరారు. ఇళ్లలోంచి నీరు దిగిపోయింది, పల్లంలో మాత్రం ఇంకా మోకాళ్ల దాకా ఉంది. కల్వర్టు మీద బళ్లు ఆపుకుని జనం వరసగా నిలబడి ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. వీళ్లూ బండి ఆపారు. నారాయణమూర్తి ఫోను తీశాడు. అంతలో వెనక నుంచి ఒక పెద్దమనిషి వచ్చి మర్యాదగానే, “కాస్త బండి తీస్తారా? పాల వ్యాను ఆగిపోయింది, లోపల కాలనీలో పిల్లలున్నారు” అన్నాడు.

నరసింగరావు వెనక్కి చూశాడు. నిజమే. తన బండి వెనకే పాల వ్యాను. బండి పక్కకు లాగి, తిరిగి వెళ్లిపోదాం పద అన్నాడు.

“ఇంత దూరం వచ్చి ఊరికే ఎల్లిపోవడం ఏటి బావా? ఒక్క ఫొటో తీసుకోనీ” అన్నాడు నారాయణమూర్తి.

“ఫొటో తీస్తే నీతో మాటాడను. ఎక్కు.”

పక్కనే తడిసి బరువెక్కిన పరుపును ఈడ్చుకొస్తున్న ఒకావిడ ఆగిపోయింది. “మన మాటలాగుందే. ఏ ఊరు మీది?” అంది.

ఆవిడ పేరు గురమ్మ. పాలకొండ అవతల పల్లె. మొగుడితో కలిసి తాపీ పనికి బెజవాడ వచ్చి పదిహేనేళ్లయింది. ఆ సందు సందంతా శ్రీకాకుళం వాళ్లేనట. నరసన్నపేట అనగానే ఆవిడ ముఖం విప్పారింది. పరుపు గోడకు ఆనించి, ఏం పని మీద వచ్చారని అడిగింది. నరసింగరావు నోటికి అబద్ధం రాలేదు, నిజం చెప్పడానికీ మొహం చెల్లలేదు. బండికి వేలాడుతున్న సంచీ కేసి చూసి, లైన్‌మేన్‌ని అన్నాడు.

గురమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పని చేసింది. రెండు రోజుల క్రితం కరెంటు ఇచ్చారు. డిపార్టుమెంటువాళ్లు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు చూసుకోవడానికే రాత్రనక పగలనక తిరుగుతున్నారు. ఇళ్ల లోపలి సంగతి ఎవరు చూస్తారు? స్విచ్ బోర్డుల నిండా బురద. పక్కింట్లో ఒకతను మెయిన్ వేసి షాక్ తిని కింద పడ్డాడు, అదృష్టం బాగుండి బతికాడు. అప్పటి నుంచి సందులో ఎవరూ మెయిన్ ముట్టుకోవడం లేదు.

నరసింగరావు చెప్పులు చూసుకున్నాడు. రబ్బరువే. మెయిన్ ఆపి, బోర్డు విప్పాడు. లోపల నుంచి ఒక చిన్న పీత బయటికి వచ్చి గోడ మీద పాకింది. గురమ్మ నవ్వింది, ఆయనా నవ్వాడు. బురద మంచినీళ్లతో కడిగి, బోర్డులు ఎండలో ఆరబెట్టించి, మధ్యాహ్నం మళ్లీ బిగించాడు. ఒక బల్బుకు రెండు తీగలు కట్టి, కరెంటు దాని గుండానే లోపలికి పోయేలా పెట్టి ఒక్కో లైను పరీక్షించాడు. బల్బు నిండుగా వెలిగితే గోడ లోపలి తీగలు నీళ్లు తాగి కలిసిపోయినట్టు. వెలగకపోతే బాగున్నట్టు. గురమ్మ ఇంట్లో వెలగలేదు. మెయిన్ వేసి ఫ్యాను తిప్పితే గోడల తడి వాసన కదిలింది. సందులో వాళ్లంతా గుమ్మం దగ్గర చేరి ఆ ఫ్యాను కేసే చూస్తున్నారు.

ఆ పూటకి మూడిళ్లు. మర్నాటికి ఎనిమిది. నారాయణమూర్తికి స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో తెలియదు గానీ, జనాన్ని వరసలో నిలబెట్టడం ముప్పై ఏళ్ల విద్య. చంటిపిల్లలున్న ఇళ్లు ముందు, మంచం పట్టిన పెద్దవాళ్లున్నవి తర్వాత అని లెక్క కట్టి, తలుపుల మీద సుద్దముక్కతో నంబర్లు వేశాడు. తనకు ముందు చేయాలని వాదించినవాణ్ణి కూర్చోబెట్టి టీ ఇప్పించి, చివరికి వాడితోనే ఎదురింటి బోర్డు కడిగించాడు. ఫొటోల కోసం నారాయణమూర్తి తెచ్చుకున్న సెల్ఫీ కర్రకు టార్చిలైటు కట్టుకుని అటకల మీద తీగలు చూసుకున్నాడు నరసింగరావు. భోజనం గురమ్మ వండేది. చారులో కారం ఎక్కువైనా ఇద్దరూ రెండేసి సార్లు వడ్డించుకునేవారు.

అయిదో రోజు సందులోకి నాలుగు పెద్ద బైకులు వచ్చాయి. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాళ్లు. మోకాళ్లకు రక్షణ తొడుగులు, హెల్మెట్లకు కెమెరాలు. వాళ్ల నాయకుడు మోహనకృష్ణ అని, సెలవు దొరికితే చాలు, ఎవరూ వెళ్లని చోట్లకు వెళ్లి వీడియోలు పెడతాడట. మాటతీరు మంచిదే. గురమ్మ గోడ మీద నిలువెత్తున ఉన్న బురద చార చూసి, దాని పక్కన నిలబడమని ఆవిణ్ణి అడిగాడు.

నిచ్చెన మీద ఉన్న నరసింగరావు స్క్రూడ్రైవరు జేబులో పెట్టాడు. దిగి వచ్చాడు. తిడతాడేమోనని నారాయణమూర్తి దగ్గరకు వచ్చాడు. నరసింగరావు తిట్టలేదు. తనకు ఆ హక్కు లేదని ఆయనకు తెలుసు.

“ఎవలూ ఎల్లని సోటు కాదు బాబూ ఇది. నాలుగొందల మంది ఉన్నారిక్కడ” అన్నాడు నెమ్మదిగా. తర్వాత గురమ్మ వైపు తిరిగి, “నీకిష్టమేనా అమ్మా?” అని అడిగాడు.

గురమ్మ గోడ చార కేసి చూసి, తన చీర కేసి చూసుకుంది. “తియ్యమను. కానీ నా పేరు రాయాల. ఊరు కూడా రాయాల. ఈలోగా నాను జడేసుకుని వస్తాను, ఉండమను.”

లోపలికి వెళ్లి పావుగంటకు వచ్చింది. నూనె రాసి దువ్వుకున్న జడ, ఎవరో ఇచ్చిన కొత్త చీర, బొట్టు. గోడ చార పక్కన నిలబడి, పక్కింటి కూర్మమ్మను కూడా లాక్కుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. మోహనకృష్ణ కెమెరా పట్టుకుని కాసేపు తికమకపడ్డాడు. తను అనుకున్న ఫొటో అది కాదు. చివరికి తీశాడు. తీశాక కెమెరా సంచీలో పెట్టేసి, ఇంకేమైనా పని ఉందా అని అడిగాడు. నారాయణమూర్తి ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు నాలుగు పారలు తెచ్చి ఇచ్చాడు. సాయంత్రానికి నలుగురూ నడుముల దాకా బురదలో ఉన్నారు. ఆ రాత్రి ఉండి, మర్నాడు కూడా పని చేసి వెళ్లారు.

తొమ్మిది రోజుల్లో డెబ్బై రెండిళ్లు అయ్యాయి. బయలుదేరేనాడు గురమ్మ ఇద్దరికీ పెరుగన్నం మూట కట్టి ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో నారాయణమూర్తి నడుం పూర్తిగా పట్టేసింది. వరదకు ఆగిన రైళ్లు మళ్లీ మొదలయ్యాయి కదా అని రాజమండ్రిలో ఆయన్ని రైలెక్కించి, నరసింగరావు ఒక్కడే బండి మీద వచ్చాడు. తాను వచ్చేలోపే దగ్గరి స్టేషన్ ఆమదాలవలసలో దిగిన బావ ఊరంతా చెప్పేశాడు. ఆ కథలో సగం ఇళ్లు నారాయణమూర్తే బాగుచేశాడు.

అప్పటి నుంచి నరసింగరావు ప్రయాణాలు మళ్లీ మొదలయ్యాయి. అయితే వెళ్లేముందు ఫోను చేసి అడగడం నేర్చుకున్నాడు. నిరుడు మే నెలలో సాలూరు పైన కొండల్లో ఈదురుగాలులకు ఒక ఊరి రేకులన్నీ లేచిపోయాయి. ఎవరో ఇచ్చిన నంబరుకు చేస్తే ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు ఝాన్సీ ఎత్తింది. ఈయన బయలుదేరమంటారా అని అడిగాడు. ఆవిడ మొహమాటపడలేదు. కరెంటువాళ్లు వచ్చి చేసేశారు, రేకులు మా వాళ్లే వేసుకుంటున్నారు, చూడ్డానికి వచ్చేవాళ్లకు వండి పెట్టడమే కష్టంగా ఉంది అంది.

“ఇప్పుడు రావద్దు మావయ్యా. సీతాఫలాలకి రండి. మీ ఇంట్లోవాళ్లని కూడా తీసుకురండి.”

నరసింగరావు ఫోను పెట్టేసి ఒక నిమిషం చిన్నబుచ్చుకున్నాడు. సంచీ బండికి తగిలించే ఉంది. దాన్ని విప్పి లోపల పెట్టాడు.

అక్టోబరులో ధనలక్ష్మిని వెనక కూర్చోబెట్టుకుని ఆ కొండ ఎక్కాడు. ఊరు పచ్చగా ఉంది, కొత్త రేకులు ఎండకు మెరుస్తున్నాయి. ఝాన్సీ ఇంటి అరుగు మీద కూర్చుని ఇద్దరూ బుట్టెడు సీతాఫలాలు తిన్నారు. ధనలక్ష్మి ఆ ఊరి ఆడవాళ్లతో మాటల్లో పడి, సాయంత్రమైనా లేవలేదు. అక్కడ ఏ వంతెనా విరగలేదు, ఏ గోడా కూలలేదు. నరసింగరావు చెయ్యడానికి పనేమీ లేదు. గింజలు గుప్పెట్లో పోగేసుకుంటూ, పిల్లలు కోడిని తరమడం చూస్తూ కూర్చున్నాడు.